బాబు రాత్రులు మారాయి, డీఎల్ఏ మళ్ళీ చూడమన్నాం

మా చిన్నోడికి తొమ్మిదేళ్ళు, ఆటిజం. ఇక్కడ ఇంగ్లండ్‌లో, లెస్టర్‌లో, వాడికి డీఎల్ఏ (డిసెబిలిటీ లివింగ్ అలవెన్స్, వైకల్యమున్న పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే భత్యం) వస్తుంది. అందులో కేర్, అంటే పిల్లాణ్ణి చూసుకోవడానికిచ్చే భాగం, మిడిల్ రేటులో వచ్చేది. చలికాలంలో ఫిట్స్ మొదలయ్యాయి, అన్నీ రాత్రిళ్ళే. అప్పట్నుంచీ వాడి మంచం పక్కనే నా పడక.

ఇలా అవసరం పెరిగితే అవార్డు (ఇప్పుడు మంజూరైన భత్యం) గడువు తీరేదాకా ఆగక్కర్లేదు. డీఎల్ఏ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి మార్పు చెప్పొచ్చు. నాకు ఫారం పంపారు. అయితే పెరిగిన ముక్క ఒక్కటే చూస్తారనుకోకండి. మొబిలిటీతో (నడక, బయట తిరగడం కోసం ఇచ్చే భాగం) సహా మొత్తం తిరగదోడొచ్చు. పెరగొచ్చు, తగ్గొచ్చు, ఆగిపోనూవచ్చు. మిగతా విషయాల్లో పిల్లాడు కాస్త కుదుటపడి ఉంటే, ముందు ఉచితంగా సలహా ఇచ్చే సిటిజన్స్ అడ్వైస్ సంస్థ వాళ్ళతో మాట్లాడి ఆ తర్వాతే ఫోన్ చెయ్యండి.

పెరిగిన అవసరం మూడు నెలలుగా ఉండాలి, ఇంకో ఆరు నెలలు ఉండేలా కనపడాలి. ఆ మూడు నెలలూ నోట్‌బుక్ రాయండి. నేను మొదట ఫారంలో "రాత్రి నిద్ర సరిగ్గా పోడు" అని రాశా. మా ఆయన చదివి, "ఇది పక్కింటి పిల్లాడికీ రాయొచ్చు కదే" అన్నారు. నిజమే. అదే వయసు పిల్లలకంటే ఎంత ఎక్కువ చూసుకోవాలో అన్నదే డీఎల్ఏ వాళ్ళకి కావాలి. కొట్టేసి, నోట్‌బుక్‌లోది దించా:

"2:10. పళ్ళు బిగించాడు, ఎడమ చెయ్యి కొట్టుకుంది. పక్కకి తిప్పి పట్టుకున్నా. 2:14కి ఆగింది. పక్క తడిసింది. కడిగి, దుప్పట్లు మార్చి, వాడు పడుకునేసరికి 2:50."

రాత్రి లెక్కలోకి రావాలంటే సాధారణంగా మనం ఒకసారి లేచినా 20 నిమిషాలు పట్టాలి, లేదా కనీసం రెండుసార్లు లేవాలి. పగలూ రాత్రీ రెండూ ఉంటే హయ్యెస్ట్ రేటు. 2025-26లో అలా వారానికి మిడిల్ రేటు 73.90 పౌండ్లు కాస్తా 110.40 అయ్యేది.

ఊళ్ళో అమ్మ ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాడమ్మా" అనేస్తాం. ఆ నోటితో ఫారం నింపకండి. మంచి రోజు సంగతి కాదు, మామూలు రాత్రి ఎలా ఉంటుందో రాయండి. ఎపిలెప్సీ నర్సు రాసిన కేర్ ప్లాన్, న్యూరాలజిస్టు ఉత్తరం, స్కూలు రాసిచ్చింది జతచెయ్యండి. పోస్టులో వేసేముందు ప్రతి పేజీ ఫోటో తీసుకోండి.

నిర్ణయం నచ్చకపోతే ఉత్తరం మీది తేదీ నుంచి నెలలోపు మాండేటరీ రీకన్సిడరేషన్ (నిర్ణయాన్ని వాళ్ళే మళ్ళీ పరిశీలించడం) అడగాలి. దానికీ కాదంటే ట్రిబ్యునల్‌కి అప్పీలు. యూనివర్సల్ క్రెడిట్ (ఆదాయం తక్కువున్నవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే సాయం) తీసుకునేవాళ్ళు హయ్యెస్ట్ రేటు వచ్చిన సంగతి వాళ్ళ ఆన్‌లైన్ ఖాతాలోని జర్నల్‌లో వెంటనే చెప్పండి, పిల్లాడి పేరిట అక్కడా పెరుగుతుంది.