మొదటిసారి కొండ ఎక్కుతున్నారా? దిగే లెక్క ముందు వేసుకోండి

నా మొదటి ట్రెక్‌లో శిఖరం మీద దిగిన ఫొటో ఒకటి ఇంకా ఉంది. అందులో తెగ నవ్వుతున్నాను. అప్పుడు సాయంత్రం నాలుగున్నర. ఆ తర్వాత ఒక్క ఫొటో కూడా లేదు. ముగ్గురం ఒకే ఒక్క ఫోన్ లైటు పట్టుకుని, చాలాచోట్ల కూర్చుని జారుకుంటూ, ఎనిమిది దాటాక కిందికి చేరాం. ఎక్కడానికి సరదాగా ప్లాన్ వేసుకున్నాం కానీ, దిగడం గురించి ముగ్గురిలో ఎవరమూ ఆలోచించలేదు. ఇప్పుడు ఏ కొండకు వెళ్లినా ముందు దిగే లెక్కే వేస్తాను. అది ఇలా.

1. వెనక్కి తిరిగే టైమ్ కాగితం మీద రాసుకోండి

విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో ఒక సులువైన లెక్క చెప్పాడు. నడకకు గంటకు సుమారు 5 కిలోమీటర్లు, దానికి అదనంగా ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకో గంట. రానూపోనూ 10 కిలోమీటర్లు, 900 మీటర్ల ఎత్తు అనుకోండి. రెండు గంటలు, ఒకటిన్నర కలిపి మూడున్నర. ఇది నడక బాగా అలవాటున్నవాళ్ల లెక్క. కొత్తవాళ్లు ఇంకో సగం కలుపుకోవాలి. కూర్చోవడాలు, తినడాలు, ఫొటోలు చేరితే ఏడు గంటలు అవుతుంది: ఎక్కడానికి నాలుగు, దిగడానికి మూడు.

ఇక వెనక నుంచి రండి. సూర్యాస్తమయం ఆరుకైతే, రెండు గంటలు చేతిలో ఉంచుకుని నాలుగుకల్లా కింద ఉండాలి. అంటే ఒంటిగంటకు వెనక్కి తిరగాలి, తొమ్మిదికల్లా నడక మొదలుపెట్టాలి. తొమ్మిది దాటిందా, ఆ రోజుకు ఆ కొండ మానుకోవడమే. నేనైతే ఏడుకే మొదలుపెడతాను. చాలా కొండల్లో మధ్యాహ్నం దాటాకే ఉరుములూ మెరుపులూ వస్తాయి, అదీ ఒక కారణం.

ఒంటిగంట అయ్యేసరికి శిఖరం ఎదురుగా కనిపిస్తుంటుంది. 'ఇంకో పావుగంటే' అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఆ మాట నమ్మొద్దు. ఆ రోజు అన్నది నేనే.

2. బూట్లు దిగడానికి సరిపోతాయో లేదో చూడండి

షాపులో నాలుగడుగులు వేసి చూస్తే అన్ని బూట్లూ బాగానే ఉంటాయి. దిగేటప్పుడు పాదం ముందుకు జరిగి వేళ్లు బూటు ముందు భాగానికి కొట్టుకుంటాయి. నా కాలి బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది ఇలాగే. అందుకే వేళ్ల ముందు కాస్త ఖాళీ ఉండే సైజు తీసుకోండి. ట్రెక్‌కు రెండు రోజుల ముందు గోళ్లు కత్తిరించుకోండి. కొత్త బూట్లతో నేరుగా కొండకు పోకుండా, ముందు రెండు వారాలు మామూలు నడకకు వాడండి. దిగడం మొదలుపెట్టే ముందు చీలమండ దగ్గర లేసు బిగించి కట్టుకోండి. సాక్సులు ఉన్నివో సింథటిక్‌వో వేసుకోండి. కాటన్‌వి తడిస్తే ఆరవు, బొబ్బలు లేస్తాయి. మడమ చురుక్కుమంటే సిగ్గుపడకుండా అందరినీ ఆపి అక్కడ టేప్ వేయండి. బొబ్బ లేచాక వేసి లాభం లేదు.

3. బ్యాగ్

తలకు పెట్టుకునే లైటు, పగలే తిరిగి వస్తామనుకున్నా సరే. గంటకు అర లీటరు చొప్పున నీళ్లు. ఉప్పూ తీపీ రెండూ ఉన్న తిండి. వాన కోటు. వెచ్చని చొక్కా ఒకటి, ఎందుకంటే పైకి వెళ్లే ప్రతి 1000 మీటర్ల ఎత్తుకూ వేడి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, గాలి ఉంటే ఇంకా చలి. ఒక ఈల. ఫోన్‌లో మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. చలికి బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి ఫోన్‌ను లోపలి జేబులో ఉంచండి. జీన్స్ వద్దు.

4. ఎక్కుతూ వెనక్కి చూడండి

పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడిస్తే చాలు, మాట ఆగితే వేగం ఎక్కువైనట్టే. అంతకంటే ముఖ్యం, దారి చీలిన ప్రతిచోటా ఆగి వెనక్కి తిరిగి చూడటం. ఎక్కేటప్పుడు చూసిన దారి దిగేటప్పుడు అదే దారిలా ఉండదు. ఒకసారి వాగు దాటాక ఎడమకు వెళ్లాల్సింది కుడికి వెళ్లి గంటసేపు తిరిగాం. పొద్దున ఆ చోట ఒక్కసారి తలతిప్పి ఉంటే, వాలిపోయిన ఆ ఎండుచెట్టు గుర్తుండేది. ఇప్పుడు అలాంటి చోట్ల వెనక్కి తిరిగి ఒక ఫొటో తీస్తాను.

5. దిగడం

దిగేటప్పుడు తొడ కండరాలు బ్రేకుల్లా పనిచేస్తాయి. సాగుతూనే బరువు ఆపుతాయి కాబట్టి ఎక్కువ దెబ్బతింటాయి. ఆ నొప్పి తర్వాతి ఒకటి రెండు రోజుల్లో తెలుస్తుంది, మెట్లు దిగాలంటే రైలింగ్ పట్టుకోవాల్సిందే.

భయంతో కొత్తవాళ్లు వెనక్కి వాలిపోతారు. అప్పుడే మడమ జారుతుంది. మోకాళ్లు కాస్త వంచి, నడుము పైభాగాన్ని పాదాల మీదే ఉంచి, చిన్న చిన్న అడుగులు వేయండి. గులకరాళ్ల వాలులో పక్కకు తిరిగి దిగండి. చేతికర్రలుంటే ఎక్కేటప్పటికన్నా కొంచెం పొడుగు చేసుకోండి. తేలిగ్గా ఉందని పరుగెత్తొద్దు. కాళ్లు వణకడం మొదలైతే కూర్చుని ఏదైనా తినండి.

6. తేడా వస్తే

2500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం వస్తే ఇంకా పైకి వెళ్లొద్దు. తగ్గకుండా పెరుగుతుంటే, నడక తడబడుతుంటే వెంటనే దిగండి. దారి తప్పితే ఉన్నచోటే ఆగండి. నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, నిమిషం ఆగి, మళ్లీ ఆరు. ఆల్ప్స్ పర్వతాల్లో మొదలైన ఆపద గుర్తు ఇది, జవాబుగా మూడు ఈలలు వస్తాయి.

బయల్దేరే ముందు ఏ దారిన వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఒకరికి చెప్పండి. కిందికి రాగానే వాళ్లకు ఫోన్ చేయండి. నేనొకసారి బస్సెక్కి నిద్రపోయాను, లేచి చూస్తే మా అక్కవి ఇరవై మూడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి.