వీఎస్ కోడ్‌లో పైథాన్ తప్పులు ఆ లైను చివరనే కనిపించేలా చేయడం ఎలా?

పైథాన్ నేర్చుకుంటున్నవారు సాధారణంగా ప్రోగ్రామ్ అంతా రాసి, రన్ చేసి, టెర్మినల్‌లో వచ్చిన ఎర్రర్ చదివి, అందులోని లైను నంబరు పట్టుకుని మళ్లీ ఫైలులోకి వెళ్లి వెతుక్కుంటారు. తప్పు ఏ లైనులో ఉందో ఆ లైను చివరనే, రాస్తుండగానే సందేశం కనిపిస్తే ఈ శ్రమ చాలావరకు తప్పుతుంది. కోడ్ రాసుకునే ఎడిటర్ అయిన వీఎస్ కోడ్ తనంతట తాను తప్పు కింద ఒక అలల గీత మాత్రమే గీస్తుంది. కారణం తెలియాలంటే మౌస్‌ను గీత మీదికి తీసుకెళ్లాలి, లేదా కంట్రోల్, షిఫ్ట్, ఎం కలిపి నొక్కి ప్రాబ్లమ్స్ ప్యానెల్ తెరవాలి. ఆ సందేశాన్ని లైనులోకే తెచ్చేది ఎర్రర్ లెన్స్ అనే ఉచిత ఎక్స్‌టెన్షన్, అంటే ఎడిటర్‌కు అదనంగా కలుపుకునే చిన్న ప్రోగ్రామ్.

అయితే ఎర్రర్ లెన్స్ తప్పును చూపిస్తుందే తప్ప కనిపెట్టదు. కనిపెట్టేది వెనుక ఉండి మన కోడ్‌ను చదువుతూ పనిచేసే లాంగ్వేజ్ సర్వర్ అనే ప్రోగ్రామ్. పైథాన్‌కు సంబంధించి అది పైలాన్స్. ఎడిటరూ సర్వరూ సమాచారం ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని మైక్రోసాఫ్ట్ 2016లో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ పేరుతో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. సర్వర్‌కు మన ప్రాజెక్టు గురించి సరిగ్గా తెలియకపోతే లైను చివర వచ్చే సందేశాన్ని కూడా నమ్మలేము కాబట్టి, ముందు సర్దవలసింది దాన్నే.

కంట్రోల్, షిఫ్ట్, ఎక్స్ నొక్కి ఎక్స్‌టెన్షన్ల పట్టీ తెరిచి, మైక్రోసాఫ్ట్ వారి పైథాన్ ఎక్స్‌టెన్షన్‌ను ఇన్‌స్టాల్ చేయండి. పైలాన్స్ దానితోపాటే వస్తుంది. తరువాత కంట్రోల్, షిఫ్ట్, పి నొక్కి, ‘పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్’ అనే ఆదేశాన్ని ఎంచుకుని, మీ ప్రాజెక్టు ఏ పైథాన్‌తో నడుస్తుందో దాన్నే చూపించండి. చాలామంది ఈ మెట్టును దాటేస్తారు. పాండాస్ లైబ్రరీని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో (ఆ ప్రాజెక్టుకే విడిగా పెట్టుకున్న పైథాన్‌లో) వేసుకుని, ఎడిటర్‌లో మాత్రం సిస్టమ్ పైథాన్‌ను అలాగే వదిలేస్తే, ప్రోగ్రామ్ చక్కగా నడుస్తున్నా ఇంపోర్ట్ లైను పక్కన ఆ లైబ్రరీ దొరకలేదన్న హెచ్చరిక కదలకుండా కూర్చుంటుంది.

ఇప్పుడు అదే పట్టీలో ఎర్రర్ లెన్స్ అని వెతికి ఇన్‌స్టాల్ చేయండి. పరీక్షించడానికి ఒక కొత్త పైథాన్ ఫైలులో ప్రింట్ అని రాసి, బ్రాకెట్ తెరిచి, మూయకుండా వదిలేయండి. బ్రాకెట్ మూయలేదన్న సందేశం ఎరుపు రంగులో లైను చివర కనబడాలి. తరువాత బ్రాకెట్ మూసి, ఎక్కడా నిర్వచించని ఒక వేరియబుల్ పేరును అందులో రాయండి. పైలాన్స్‌లో టైప్ చెకింగ్ మోడ్ (కోడ్‌ను ఎంత గట్టిగా పరిశీలించాలో చెప్పే సెట్టింగ్) ఆఫ్‌లో ఉంటే ఈసారి వచ్చేది ఎరుపు కాదు, పసుపు. నిజానికి ఆ లైను రన్ అయితే ప్రోగ్రామ్ నేమ్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. కాబట్టి పసుపు రంగును తేలికగా తీసుకోవద్దు; ఆ మోడ్‌ను బేసిక్‌కు మారిస్తే ఇటువంటివి ఎరుపులోనే వస్తాయి. నేర్చుకునేవారికి బేసిక్ చాలు, స్ట్రిక్ట్ పెట్టుకుంటే టైపుల గురించిన సందేశాలే తెరను నింపేస్తాయి.

ఒక్కో అక్షరం కొడుతుండగా, పూర్తికాని లైను మీద కూడా సందేశాలు వచ్చిపోతుంటే ఆలోచన చెదురుతుంది. కంట్రోల్‌తో కామా నొక్కి సెట్టింగ్స్ తెరిచి, ఎర్రర్ లెన్స్ కింద ‘డిలే’ విలువను 1000 చేయండి. అది మిల్లీసెకన్లలో లెక్క, అంటే ఒక సెకను ఆగాకే సందేశం వస్తుంది. ‘ఎనేబుల్డ్ డయాగ్నస్టిక్ లెవెల్స్’ జాబితాలోంచి ఇన్ఫోను తీసేయవచ్చు, వార్నింగ్‌ను మాత్రం తీయకండి. పాత, పెద్ద ఫైలు తెరిచినప్పుడు తెరంతా రంగులమయమైతే ‘ఫాలో కర్సర్’ను ‘యాక్టివ్ లైన్’కు మార్చండి, అప్పుడు కర్సర్ ఉన్న లైను సందేశం ఒక్కటే కనిపిస్తుంది, ఎఫ్8 నొక్కుతూ ఒక తప్పు నుంచి మరో తప్పుకు వెళ్లవచ్చు. ఈ మార్పులు ఆ ఒక్క ప్రాజెక్టుకే పరిమితం కావాలంటే, సెట్టింగ్స్ పైభాగంలో యూజర్‌కు బదులు వర్క్‌స్పేస్ ట్యాబ్‌ను ఎంచుకుని చేయండి.