'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్'కు తెలుగు సబ్‌టైటిళ్లు: కనిగిరి జనానికి చూపించాలంటే

స్టాన్లీ కుబ్రిక్ 1964 నాటి 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' గంటన్నర పైచిలుకు సినిమా. రిప్పర్ అనే మతి చెడిన అమెరికా జనరల్ ఒకడు తనంతట తానే రష్యా మీదికి అణుబాంబు విమానాలను పంపేస్తాడు. వాటిని వెనక్కి పిలవడానికి మిగతావాళ్లు పడే పాట్లే కథ. ముందు హక్కుదారు అనుమతి తెచ్చుకోండి; ఓటీటీ చందా ఇంట్లో చూసుకోవడానికే, హాల్లో వేయడానికి కాదు.

మొదటి చిక్కు నీళ్ల దగ్గరే. తాగునీటిలో ఫ్లోరైడ్ కమ్యూనిస్టుల కుట్ర అన్నది జనరల్ రిప్పర్ పిచ్చి. అమెరికాలో 1945 నుంచి, పళ్లు పుచ్చకుండా ఉండాలని, ఊరి నీళ్లలో లీటరుకు సుమారు 1 మి.గ్రా. ఫ్లోరైడ్ కలుపుతూ వచ్చారు. అందుకే వాళ్లకు ఆ మాట నవ్వు తెప్పిస్తుంది. కనిగిరి వైపు బోరునీళ్లతో గారపళ్లు వచ్చి, కీళ్లు బిగుసుకుపోయినవాళ్లను చూసిన జనానికి మాత్రం సినిమా మొత్తంలో రిప్పర్ ఒక్కడే బుద్ధిమంతుడిలా కనపడతాడు. 'ఫ్లోరైడ్ నీళ్లు' అని రాశారా, చెడింది. మొదటిసారి 'ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం' అని పూర్తిగా రాయండి. షోకి ముందు రెండు ముక్కలు చెప్పండి: మనది నేలలోంచి లీటరుకు 1.5 మి.గ్రా. దాటి ఊరేది, వాళ్లది కొలిచి వేసేది.

తర్వాతది భాష. పంచ్ డైలాగులు రాయాలని చేతులు దురదపెడతాయి, ఆపుకోండి. ఈ సినిమాలో నవ్వంతా పెద్దమనుషుల మర్యాదలోనే ఉంది. యుద్ధ గదిలో అధ్యక్షుడికి జనరల్ టర్జిడ్‌సన్ చావుల లెక్క చెప్పేటప్పుడు కలెక్టరాఫీసు సమీక్షలో నివేదిక చదివినట్టే ఉండాలి. మిలియన్లను కోట్లలోకి మార్చండి, 'మహా అయితే కోటి, రెండు కోట్లు' అనగానే తగులుతుంది. యుద్ధ గదిలో పోట్లాడుకోకూడదని అధ్యక్షుడు మందలించేచోట 'కొట్లాట', 'యుద్ధం' అని రెండు వేర్వేరు మాటలు పడాలి, లేకపోతే జోకు చచ్చిపోతుంది. ఆయన రష్యా ప్రధాని దిమిత్రితో ఫోన్లో మాట్లాడేది అలిగిన వియ్యంకుణ్ణి బుజ్జగించే గొంతుతో; 'మీరు' వదలొద్దు. అవతలి మాట మనకు వినపడదు గనుక, ఆ ఖాళీల్లో తెర మీద అక్షరం ఉండకూడదు. యాస ఒక్క కాంగ్‌కే ఇవ్వండి. టెక్సస్ పైలట్‌కు 'ఏందబ్బా', 'ఎట్టా' నప్పుతాయి. అందరికీ ఇస్తే హాస్య నాటిక అయిపోతుంది.

రిప్పర్ కాగితం మీద గీసిన పిచ్చిగీతల్లోని 'ప్యూరిటీ ఆఫ్ ఎసెన్స్'ను ఉత్త 'సారశుద్ధి'గా మార్చొద్దు. విమానాలను వెనక్కి పిలిచే కోడ్ ఆ మాటల మొదటి అక్షరాల్లోంచే దొరుకుతుంది కాబట్టి ఇంగ్లీషు మాట, అర్థం రెండూ పక్కపక్కనే వేయండి.

వరుసకు 30 అక్షరాలు, రెండే వరుసలు, ఒక్కోటి 1 నుంచి 6 సెకన్లు. సబ్‌టైటిల్ ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర పద్ధతిలో సేవ్ చేయకపోతే తెలుగు బదులు చెత్త గుర్తులు వస్తాయి. కొన్ని ప్లేయర్లు ఒత్తులను విడగొడతాయి. అది హాల్లో బయటపడడం కంటే హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో సాఫ్ట్‌వేర్‌తో ముందే వీడియోలోకి ముద్రించుకోవడం మేలు. నలుపు తెలుపు సినిమా, మంచు కొండల మీద తెల్ల అక్షరం కనపడదు: పసుపు రంగు, నల్ల అంచు పెట్టండి.

మాటకూ అక్షరానికీ తేడా మొదటినుంచీ ఒకేలా ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలు సబ్‌టైటిళ్లను 50 మిల్లీసెకన్ల చొప్పున జరుపుతాయి. పోనుపోను పెరుగుతుంటే మాత్రం ఆ మీటలు పనికిరావు. మీ ఫైలు సెకనుకు 23.976 ఫ్రేముల కాపీకి, వీడియో 25ది అన్నమాట. చివరికొచ్చేసరికి దాదాపు 4 నిమిషాలు తప్పుతుంది. సబ్‌టైటిల్ ఎడిటర్‌లో ఫ్రేమ్ రేటు మార్చుకోండి.

చివర్లో బాంబులు వరుసగా పేలుతుంటే వెరా లిన్ పాట వస్తుంది. 'మళ్లీ కలుద్దాం' అన్న దాని అర్థం తెర మీద పడాలి. సినిమా అయిపోయిందనుకుని లైట్లు వేసెయ్యకుండా స్విచ్చి దగ్గరి కుర్రాడికి ముందే చెప్పి ఉంచండి.