వృద్ధాశ్రమంలో కదలిక నేర్పడం – 3వ పాఠం: కుర్చీలోంచి లేవడం

పోయిన పాఠంలో పెద్దవాళ్లతో మాట కలపడం, వాళ్ల మందుల చీటీ చూసుకోవడం అయింది. ఈ వారం ఒక్కటే పని: కుర్చీలోంచి ఎవరికి వారు లేవడం. బాత్‌రూమ్‌కి పోవాలన్నా, భోజనాల హాలుకి రావాలన్నా ముందు కావలసింది ఇదే.

మన చెన్నై ఆశ్రమాల్లో తరచూ జరిగేదేమిటంటే, ఆయా పొద్దున్నే కాఫీ మంచం దగ్గరికే తెచ్చిస్తుంది. లేవాలంటే చంకలో చెయ్యేసి ఎత్తేస్తుంది. అదీ ప్రేమే, పైగా పని తొందరగా తెములుతుంది. కానీ అలా లాగితే భుజం కీలుకి ముప్పు. తొడ కండకి పని తప్పితే అది కరిగిపోతుంది.

ఈ వయసులో బలమెక్కడొస్తుందంటారా? బోస్టన్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో సగటున 90 ఏళ్ల వాళ్లు 10 మందితో 8 వారాలు బరువులతో కాళ్లకు వ్యాయామం చేయించారు. చివరిదాకా చేసిన 9 మందికి కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. ఆ ఫలితాలు 1990లో అచ్చయ్యాయి.

ఇక పని. చేతులున్న గట్టి కుర్చీ, సుమారు 17 అంగుళాల ఎత్తుది, గోడకి ఆనించండి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, టైల్స్ మీద జారుతుంది. చీర అంచు, పంచె కుచ్చెళ్లు పాదాల కింద పడకుండా చూడండి.

"మామ్మగారూ, కాస్త ముందుకి జరగండి. పాదాలు వెనక్కి లాక్కోండి. ఇప్పుడు నాకేసి వంగండి." ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగాలి. అందరూ తడబడేది ఇక్కడే: ముందుకి పడిపోతామన్న భయంతో వెనక్కి వాలిపోతారు, లేవలేక మళ్లీ కూలబడతారు. మీరు పక్కగా నిలబడి అరచెయ్యి చాపండి, పట్టుకుంటే పట్టుకోనివ్వండి, లాగకండి. ఊపిరి బిగబట్టకుండా అంకెలు పైకి లెక్కపెట్టించండి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడనివ్వొద్దు, నెమ్మదిగా దిగడంలోనే కండకి సగం పని ఉంది.

లేచాక వెంటనే నడిపించకండి, కాసేపు నిలబెట్టండి. కళ్లు తిరిగినా, గుండెల్లో నొప్పి వచ్చినా కూర్చోబెట్టి డాక్టరుకి చెప్పండి. తుంటి ఆపరేషన్ అయినవాళ్లని ఫిజియోథెరపిస్టు చూశాకే మొదలుపెట్టాలి.

"పోయే ప్రాణానికి వ్యాయామమెందుకే" అంటారు చాలామంది. వాదించకండి. అసలు వ్యాయామమన్న మాటే ఎత్తకండి. కాఫీ హాల్లోనే ఇప్పించండి. టీవీ సీరియల్ మధ్యలో ప్రకటనలొచ్చినప్పుడల్లా ఒకసారి లేచి కూర్చోమనండి (ఆ సీరియళ్లకి ఇంతకంటే ప్రయోజనం నాకు కనబడలేదు). మల్లెపూలు కట్టే చెయ్యి బాగున్నవాళ్లుంటే పూలబుట్ట రెండు గదుల అవతల పెట్టండి. మే నెలలో మాత్రం ఇవన్నీ పొద్దున్నే, లేదా సాయంత్రం సముద్రగాలి తిరిగాకే.

మొదట్లో పూటకి ఐదుసార్లు చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 65 దాటినవాళ్లకి వారానికి కనీసం 3 రోజులు బలం, నిలకడ పెంచే కదలికలు ఉండాలంటుంది.

ఈ వారం ఇంటిపని: చేతులు గుండెల మీద కట్టుకుని 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేవగలరో రాసుకోండి. 75–79 ఏళ్ల ఆడవాళ్లు 10 కంటే, మగవాళ్లు 11 కంటే తక్కువ లేస్తే పడిపోయే ప్రమాదం ఎక్కువని అర్థం. చేతుల ఊతంతో లేస్తే ఈ పరీక్షలో సున్నాయే. ఆ సున్నా వాళ్ల ముందు అనకండి, నోట్‌బుక్కులో 'చేతులతో 4' అని రాయండి. వచ్చే పాఠానికి ఆ పుస్తకం కావాలి.