ఇంట్లో మినీవ్యాన్ ఇంజిన్ దించుతుంటే ఎక్కడ పట్టేస్తుంది: సమస్య - పరిష్కారం

అన్ని బోల్టులూ విప్పేశామనుకుంటాం, ఇంజిన్ మాత్రం కదలదు. అంటే ఏదో ఒకటి ఇంకా దాన్ని పట్టుకునే ఉంది. ఈ పనిలో నేను గట్టిగా పాటించేది ఒక్కటే: మామూలు బలానికి రాని చోట బలం పెంచను, టార్చి పట్టుకుని మళ్లీ వెతుకుతాను. ఇక్కడ రాసినవి ముందు చక్రాలు లాగే, ఇంజిన్ అడ్డంగా కూర్చున్న మినీవ్యాన్లకు. ఎక్కువ మినీవ్యాన్లు అలాంటివే.

పై నుంచి లేపడానికి చోటు చాలడం లేదు

మినీవ్యాన్‌లో ముందు అద్దం బాగా ముందుకు వచ్చి ఉంటుంది. ఇంజిన్ వెనక సగం ఆ అద్దం గట్టు కిందకి దూరి ఉంటుంది. చాలా మోడళ్లలో ఫ్యాక్టరీలో కూడా ఇంజిన్, గేర్‌బాక్స్ కలిపి సబ్‌ఫ్రేమ్ (బాడీ కింద బోల్టులతో బిగించే ఇనుప చట్రం) మీద పెట్టి కింద నుంచే ఎక్కిస్తారు. అందుకే కిందకి దించి, బాడీని పైకి లేపి, ట్రాలీతో ముందుకు లాగేయడం మేలు.

మొదలుపెట్టే ముందు సబ్‌ఫ్రేమ్ అడుగు నుంచి ఇంజిన్ పై అంచు వరకు కొలవండి, దానికి ట్రాలీ ఎత్తు కలపండి. ముందు బంపర్ నేల నుంచి అంతకన్నా ఎక్కువ ఎత్తులో ఉండాలి. స్టాండ్లు బాడీకి కంపెనీ చూపిన గట్టి చోట్లే పెట్టాలి. సబ్‌ఫ్రేమ్ కింద పెట్టకండి, ఊడి వచ్చేది అదే. ఇంకో మాట: ఇలాంటి బండిలో బరువు ఎక్కువ భాగం ముందే ఉంటుంది. ఇంజిన్ దిగగానే ముందు భాగం తేలికైపోయి బాడీ వెనక్కి తూగుతుంది. వెనక చక్రాలకు రెండు వైపులా అడ్డు కట్టెలు పెట్టండి, వెనక సీట్లలో, డిక్కీలో బరువులు తీసేయండి.

స్టీరింగ్ రాడ్డు జాయింటు విప్పే ముందు చక్రాలు తిన్నగా పెట్టి స్టీరింగ్ లాక్ చేయాలి. విప్పాక స్టీరింగ్ ఊరికే గిర్రున తిరిగిందంటే ఎయిర్‌బ్యాగ్‌కి వెళ్లే చుట్టల రిబ్బన్ తెగిపోతుంది.

కొంచెం దిగి ఆగిపోయింది, లేదా ఒక పక్కకి ఒరుగుతోంది

దించడం ఎప్పుడూ రెండు మూడు సెంటీమీటర్ల చొప్పునే. ఆపిన ప్రతిసారీ చుట్టూ తిరిగి చూడాలి. ఎక్కువగా మిగిలిపోయేవి ఇవి: బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ, గేర్ కేబుల్, వైరింగ్ పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు, హీటర్ హోసులు.

హీటర్ హోసుతో జాగ్రత్త. ఏళ్ల తరబడి వేడికి అది గొట్టానికి అంటుకుపోతుంది. మెలితిప్పి లాగితే లోపలి హీటర్ గొట్టం వంగుతుంది, ఆ తర్వాత డ్యాష్‌బోర్డు విప్పాల్సి వస్తుంది. హోసును బ్లేడుతో నిలువుగా కోసి ఒలిచేయండి. కొత్త హోసు వేసుకోవడం ఎంతో తేలిక.

ఏసీ పైపులు విప్పొద్దు. కంప్రెసర్ బోల్టులు మాత్రం తీసి, దాన్ని తీగతో బాడీకి కట్టేయండి, బరువు పైపుల మీద పడకుండా. మీ మోడల్‌లో పైపులు విప్పక తప్పదంటే, మెషీన్ ఉన్నవాళ్ల చేత ముందే గ్యాస్ తీయించుకోవాలి. ఆ గ్యాస్‌ను గాల్లోకి వదలడం చాలా దేశాల్లో నేరం కూడా.

ఇంధనం పైపు విప్పగానే పెట్రోల్ చిమ్ముతోంది

పంపు ఆపినా లైనులో ఒత్తిడి నిలిచి ఉంటుంది. ఇంజిన్ నడిచే స్థితిలో ఉంటే పంపు ఫ్యూజు పీకి స్టార్ట్ చేసి, దానంతట అది ఆగిపోయే దాకా నడవనివ్వండి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయండి. నడవని ఇంజిన్ అయితే జాయింటు చుట్టూ మందపాటి గుడ్డ చుట్టి మెల్లగా వదులు చేయాలి.

సైలెన్సర్ నట్లు కదలడం లేదు

తుప్పు. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. మర్నాడు ఒక్క వెంట్రుకవాసి బిగించి, అప్పుడు విప్పండి. అప్పటికీ రాకపోతే వేడి చేయాలి, కానీ పెట్రోల్ లైను విప్పాక మంట దగ్గరికి తేవద్దు. అందుకే ఈ నట్లను పనిలో మొట్టమొదట చూసుకోవాలి.

డ్రైవ్‌షాఫ్ట్ గేర్‌బాక్స్ నుంచి ఊడదు

డ్రైవ్‌షాఫ్ట్ అంటే గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే కడ్డీ. దాని లోపలి చివరన చిన్న సర్‌క్లిప్ (స్ప్రింగు రింగు) పట్టుకుని ఉంటుంది. చక్రం వైపు నుంచి లాగితే మధ్యలో జాయింటు విడిపోయి గ్రీజు రబ్బరు తొడుగులోకి జారుతుంది, షాఫ్ట్ మాత్రం రాదు. గేర్‌బాక్స్ పక్కన, జాయింటు గిన్నె వెనక ఇనుప బద్ద పెట్టి ఒక్క కుదుపు ఇవ్వండి. టప్పున వస్తుంది. కింద ట్రే ఉంచండి, ఆయిల్ కారుతుంది. హబ్ (చక్రం బిగించే భాగం) మధ్య పెద్ద నట్టును బండి నేల మీద ఉండగానే వదులు చేసుకోవాలి.

ఇంజిన్, గేర్‌బాక్స్ విడిపోవడం లేదు

అందరికీ టెన్షన్ పుట్టించేది ఇదే. మొదటిసారి నేనూ ఇక్కడే తప్పు చేశాను. రెండింటి మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పాను, అల్యూమినియం అంచు గోరంత ముక్క ఊడి వచ్చింది. తీరా చూస్తే స్టార్టర్ మోటార్ వెనక, గ్రీజు, మట్టి పేరుకుని నల్లగా కలిసిపోయిన చోట ఒక బోల్టు మిగిలి ఉంది. బట్ట పెట్టి తుడిస్తే గానీ దాని తల కనిపించలేదు.

సందు ఎలా తెరుచుకుంటుందో చూస్తే కారణం తెలుస్తుంది. ఒక పక్క తెరుచుకుని రెండో పక్క కదలకపోతే, ఆ కదలని పక్కనే బోల్టు ఉంది. చుట్టూ సమానంగా కొంచెం తెరుచుకుని స్ప్రింగులా వెనక్కి పోతుంటే, ఆటోమేటిక్ బండిలో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పే బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే గుండ్రటి డబ్బా) బోల్టులు విప్పలేదన్న మాట. ఎక్కడా చలనం లేకపోతే డోవెల్ పిన్నులు (రెండింటినీ సరిగ్గా ఒకే వరుసలో నిలిపే చిన్న పిన్నులు) తుప్పుతో పట్టేశాయి. వాటికి నూనె కొట్టి, బెల్ హౌసింగ్ (గేర్‌బాక్స్‌లో ఇంజిన్‌కి ఆనే గంట ఆకారపు భాగం) మీద రబ్బరు సుత్తితో చుట్టూ తడుతూ రండి.

కన్వర్టర్ బోల్టులు స్టార్టర్ తీసిన రంధ్రంలోంచో, కింద చిన్న మూత తీస్తేనో కనిపిస్తాయి. ఒక్కసారి ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి క్రాంక్ పుల్లీ (ఇంజిన్ చివర బెల్టు తిప్పే చక్రం) బోల్టు మీద స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే దిశలోనే తిప్పుతూ ఒక్కొక్కటి విప్పాలి. ఎన్ని విప్పారో లెక్క పెట్టుకోండి.

విడిపోయేటప్పుడు కన్వర్టర్ ఇంజిన్‌తో రాకూడదు, గేర్‌బాక్స్‌లోనే ఉండాలి. వేలు పట్టే సందు రాగానే దాన్ని గేర్‌బాక్స్ వైపు నెట్టి, బెల్ హౌసింగ్‌కు అడ్డంగా ఒక పట్టీ బిగించండి. తిరిగి కలిపేటప్పుడు రెండు ముఖాలూ చేత్తోనే ఆనాలి. సందు మిగిలితే కన్వర్టర్ పూర్తిగా కూర్చోలేదు. అప్పుడు బోల్టులతో లాగి బిగిస్తే గేర్‌బాక్స్ ఆయిల్ పంపు పగులుతుంది. మాన్యువల్ గేర్‌బాక్స్ అయితే దాని బరువు క్లచ్ ప్లేటు మీద వేలాడనివ్వకండి.

హాయిస్ట్‌కి తగిలిస్తే ఊగుతోంది

హాయిస్ట్ అంటే ఇంజిన్‌ను గొలుసుతో లేపే చిన్న క్రేన్. ఊగుతోందంటే గొలుసు బరువు మధ్యకి రాలేదు. నేలకు ఆనుకునే ఎత్తులోనే ఆపి, దించి, మళ్లీ సర్దండి. గొలుసు బోల్టులు అల్యూమినియంలోకి కనీసం తమ మందానికి ఒకటిన్నర రెట్లు లోతు దిగాలి. హాయిస్ట్ చెయ్యి సాగదీసే కొద్దీ అది మోయగల బరువు తగ్గుతుంది. చెయ్యి మీద ప్రతి రంధ్రం దగ్గర రాసి ఉన్న అంకెనే నమ్మండి. వేలాడే ఇంజిన్ కింద చెయ్యి కూడా పెట్టొద్దు.

అంతా పెట్టేశాక తాళం తిప్పితే టక్‌మని ఆగిపోతోంది

స్టార్టర్‌ను, బ్యాటరీని అనుమానించే ముందు ఇంజిన్ నుంచి బాడీకి వెళ్లే ఎర్త్ పట్టీ చూడండి. బిగించడం మర్చిపోయి ఉంటారు, లేదా రంగు, తుప్పు గీకకుండా బిగించి ఉంటారు. లోహం మెరిసే దాకా ఉప్పుకాగితంతో రుద్ది బిగించి, మళ్లీ తాళం తిప్పండి.