ఊపిరితిత్తుల క్యాన్సర్: బయాప్సీ రిపోర్టును చదవడం ఎలా?

గుంటూరు కొత్తపేటలో ఏ డయాగ్నొస్టిక్ సెంటర్ మెట్ల దగ్గరైనా ఒక బయాప్సీ (ఒంట్లోంచి తీసిన ముక్క పరీక్ష) కాగితం, దాని చుట్టూ నలుగురు కనిపిస్తారు. ‘అడినోకార్సినోమా’ (ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఒక రకం) అన్న మాట దగ్గర వేలు ఆగిపోతుంది. “ఆయన బీడీ కూడా ముట్టలేదు కదండీ” అంటుంది ఒకావిడ. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊళ్లో ఈ జబ్బు అనగానే చుట్ట, సిగరెట్టే గుర్తుకొస్తాయి. పొగ పెద్ద కారణమే. కానీ జన్మలో పొగ తాగనివారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తే అది ఎక్కువగా ఈ రకమే. కాబట్టి అలవాట్ల పంచాయితీ పక్కన పెట్టి, ఆ కాగితాన్ని ఈ వరసలో చదవండి.

1. ముందు రకం చూడండి. ఊపిరితిత్తుల క్యాన్సర్లలో సుమారు 85 శాతం నాన్ స్మాల్ సెల్ (మైక్రోస్కోపులో కణాలు మరీ చిన్నవిగా కనిపించని) కోవలోవే. వాటిలో ఎక్కువగా కనిపించేది అడినోకార్సినోమా. ఇది తరచూ ఊపిరితిత్తుల అంచుల్లో మొదలవుతుంది కనుక చాలాకాలం దగ్గు కూడా రాకపోవచ్చు. వచ్చినా మనవాళ్లకు ముందు తట్టేది టీబీయే. కఫంలో క్రిమి కనిపించకుండానే టీబీ మందులు మొదలై, రెండు నెలలు వాడినా ఎక్స్‌రేలో మచ్చ తగ్గకపోతే, సీటీ, బయాప్సీ సంగతి మీరే అడగండి.

2. టీటీఎఫ్-1, నాప్సిన్ ఎ అనే పేర్ల పక్కన ‘పాజిటివ్’ అని ఉంటే గాభరా పడకండి. ఆ కణాలు ఊపిరితిత్తిలోనే పుట్టి ఉంటాయని సూచించే గుర్తులవి, అంతే.

3. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. జబ్బు ముదిరిన దశలో ఉంటే, జన్యు పరీక్షలకు పంపారా అని అడగండి: ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే, రాస్-1, వాటితోపాటు పీడీ-ఎల్1 (ఇమ్యునోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి ఉసిగొలిపే చికిత్స, పనిచేస్తుందేమో అంచనా వేసే ప్రొటీన్ పరీక్ష). మన దేశంలో ఈ రకం వచ్చినవారిలో దాదాపు నలుగురిలో ఒకరికి ఈజీఎఫ్ఆర్ జన్యువులో మార్పు ఉంటుంది. ఆ మార్పు పేరు ‘ఎక్సాన్ 19 డిలీషన్’ అనో ‘ఎల్858ఆర్’ అనో రాసి ఉంటే, దాన్నే గురిపెట్టే గెఫిటినిబ్, ఒసిమర్టినిబ్ లాంటి మాత్రలకు దారి తెరుచుకున్నట్టే. రిపోర్టు రావడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. “అంతవరకు ఊరికే కూర్చోవాలా?” అని ఇంట్లో గొడవ మొదలవుతుంది. రోగి నిలకడగా ఉంటే ఆగడమే మేలని డాక్టరు అనవచ్చు. తొందరపడి ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్ చేయించి, ఆ వెంటనే ఒసిమర్టినిబ్ మొదలుపెడితే ఊపిరితిత్తులు వాచే ప్రమాదం పెరుగుతుంది.

ఈ పరీక్షలకు కావలసింది ‘బ్లాకు’. చిన్న ప్లాస్టిక్ డబ్బీలో మైనం, అందులో దారప్పోగులాంటి కండ ముక్క. ల్యాబు నుంచి అడిగి తీసుకోవచ్చు. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో మాత్రం వదిలేయకండి, అది మైనం! ముక్క చాలకపోతే రక్తంతో చేసే పరీక్ష ఉంది. అయితే అందులో మార్పు కనిపించనంత మాత్రాన లేదని తేల్చకూడదు.

4. దశ కోసం బయాప్సీ కాగితంలో వెతకకండి. జబ్బు ఎంత దూరం పాకిందో చెప్పే ఆ దశను పెట్ సీటీ (ఒళ్లంతా చూసే స్కాన్), మెదడు ఎంఆర్ఐ చూసి నిర్ణయిస్తారు. ఊపిరితిత్తి చుట్టూ చేరిన నీటిలో క్యాన్సర్ కణాలు దొరికితే అది నాలుగో దశ కింద లెక్క.

5. ఖర్చు మాట మొహమాటం లేకుండా ముందే అడగండి. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో నాట్కో క్యాన్సర్ కేంద్రం ఉంది. రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ కింద క్యాన్సర్ చికిత్స దొరుకుతుంది. మీకు రాసిన పరీక్ష, మాత్ర అందులో ఉన్నాయో లేదో ఆసుపత్రిలో ఆ పథకం సహాయ కౌంటర్‌లో అడిగి తెలుసుకోండి. వెళ్లేటప్పుడు పాత ఎక్స్‌రేలు, స్కాన్ సీడీలు, బ్లాకు, స్లైడ్లు ఒకే సంచిలో, తేదీల వరసలో పెట్టుకోండి.