మనిషి పోయాక మన మనసు సంగతి

ముందు నిద్ర సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. మా అన్నయ్య పోయిన కొత్తలో నాకు తెల్లారకముందే మెలకువ వచ్చేసేది. ఒక్క క్షణం ఏమీ గుర్తుండేది కాదు, ఆ వెంటనే అంతా మీద పడేది. ఆ వేళప్పుడు మంచం మీద దొర్లుతూ ఉంటే "ఇంకో డాక్టరుకి చూపించి ఉంటే" లాంటి ఆలోచనలు కొండంతవుతాయి. లేచి లైటు వేసుకోండి, మొహం కడుక్కోండి. రాత్రి ఎంత తక్కువ పడుకున్నా పొద్దున లేచే టైము మార్చకండి. నిద్ర కోసమని మద్యం జోలికి పోవద్దు. కునుకు తొందరగానే పడుతుంది గానీ, అర్ధరాత్రి దాటాక ఉన్న నిద్ర కూడా చెడుతుంది. ఆకలి వెయ్యదు, అయినా వేళకి కాస్త తినండి.

దుఃఖానికి ఐదు దశలని (నమ్మలేకపోవడం, కోపం, బేరమాడటం, కుంగుబాటు, ఒప్పుకోవడం) మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. 1969లో ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు ఆ దశలు రాసింది చావు దగ్గరపడిన రోగులతో మాట్లాడి. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళకి వాటిని అన్వయించడం తర్వాతి ముచ్చట. కాబట్టి "నాకింకా కోపం రాలేదేంటి" అని లెక్కలు చూసుకోకండి. నాకు అక్కరకొచ్చింది 1999లో మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పిన సంగతి. దుఃఖంలో ఉన్న మనిషి కాసేపు పోయినవాళ్ళ తలపుల్లో, కాసేపు బతుకు పనుల్లో, అటూ ఇటూ తిరుగుతూనే ఉంటాడట. ఆ తిరగడమే తేరుకునే దారి.

అందుకని రెండింటికీ చోటివ్వండి. రోజూ కొంతసేపు తలుపేసుకుని ఫొటోలు చూడండి, ఏడవండి, చెప్పాలనుకుని చెప్పలేకపోయింది కాగితం మీద పెట్టండి. అయ్యాక చేతులకి పని దొరికేది ఏదైనా చెయ్యండి. అల్మరా సర్దడమైనా సరే, నడకైనా సరే. మధ్యలో నవ్వొస్తే నవ్వేయండి, పోయినవాళ్ళకి అదేం ద్రోహం కాదు.

వస్తువుల విషయంలో తొందరొద్దు. అన్నయ్య ఫోన్లో పొద్దున్నే "లే, నడక" అని అలారం మోగేది. తీసెయ్యమని ఇంట్లో అందరూ అన్నారు. నేను చాలాకాలం ఉంచుకున్నాను, ఓ రోజు నా అంతట నేనే ఆపేశాను. మీ వేళ మీకొస్తుంది. ఉద్యోగం మానెయ్యడం, ఇల్లు అమ్మెయ్యడం లాంటివి కూడా, వీలైతే, కొన్నాళ్ళు వాయిదా వేసుకోండి.

నన్ను బాగా పిండేసింది కాగితాల పని. బ్యాంకుకి, ఫోన్ కంపెనీకి, బీమావాళ్ళకి, ప్రతిచోటా మళ్ళీ మొదటినుంచీ "ఆయన పోయారండి" అని చెప్పాలి. అన్నీ ఒక్కరోజే పెట్టుకోకండి. "ఏమైనా కావాలంటే చెప్పు" అనేవాళ్ళు ఉంటారు కదా, ఆ ఫోన్లు వాళ్ళ చేత చేయించండి. వాళ్ళకీ ఏదో చేశామన్న తృప్తి. సలహాలివ్వకుండా వినేవాళ్ళు ఒక్కరు దొరికినా వదులుకోకండి.

కొన్ని మాత్రం ఓర్చుకునేవి కావు. ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే "దిగులు వల్లేలే" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. తీవ్రమైన దుఃఖం గుండె కండరాన్ని నిజంగానే దెబ్బతీయగలదు, డాక్టర్లు దానికి టకోట్సుబో అని పేరు కూడా పెట్టారు. చచ్చిపోవాలనిపిస్తే రేపటిదాకా ఆగొద్దు. ఇప్పుడే ఎవరో ఒకరికి చెప్పండి, ఒంటరిగా ఉండకండి, డాక్టరుకో మీ ప్రాంతపు హెల్ప్‌లైన్‌కో ఫోన్ చెయ్యండి. నెలలు గడిచినా రోజూ అదే తీవ్రతతో బెంగ, ఏ పనీ సాగకపోవడం ఉంటే దానికి చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల వర్గీకరణ 6 నెలలు దాటితే, అమెరికా సైకియాట్రిస్టుల 2022 నాటి ప్రమాణం పెద్దవాళ్ళలో 12 నెలలు దాటితే దాన్ని విడి సమస్యగా చూస్తాయి. సాయం అడగడానికి మాత్రం అన్నాళ్ళు ఆగక్కర్లేదు.

ఇక పుట్టినరోజు, పోయిన తేదీ. అసలు రోజుకంటే దానికి ముందు వారమే ఎక్కువ సతాయిస్తుంది. ఆ రోజు ఎవరితో ఉంటారో, ఏం చేస్తారో ముందే అనుకోండి. వద్దనిపిస్తే చివరి నిమిషంలో మానేస్తామని కూడా అప్పుడే వాళ్ళకి చెప్పి పెట్టండి.